1,800కి ఒక చొక్కానా, మూడు చొక్కాలా?

ఖర్చు: బిల్లు ఒకటే. కానీ 600 చొక్కా 30 ఉతుకులకే వెలిసిపోతే ఉతుక్కి 20 రూపాయలు పడ్డట్టు. 1,800ది 120 ఉతుకులు ఆగితే 15.

మన్నిక: చవకదాంట్లో ముందు పోయేది కాలరు. లోపలి పట్టీ జిగురు ఊడి బుడగలు లేస్తాయి, ఇస్త్రీకీ అణగవు. పాలిస్టర్ కలిసిన గుడ్డయితే రాపిడికి ఉండలు కడుతుంది. కొనేముందు కుట్టును రెండు వైపులా లాగండి; సందులో వెలుతురు కనిపిస్తే వదిలేయండి. ఖరీదైనదాన్నీ ఇలాగే చూడాలి, లేబులుకే డబ్బు తీసుకునేవీ ఉన్నాయి.

శ్రమ: అచ్చ కాటన్‌కు ఇస్త్రీ తప్పదు. మిశ్రమం దులిపి ఆరేస్తే చాలు.

ఎవరికేది: ఎదిగే పిల్లలకు, రంగుల పనికి, పొలానికి మూడు. బీరువాలో ఇప్పటికే నాలుగైదుంటే ఒకటి. కొత్తగా ఉద్యోగంలో చేరి, మార్చుకోను చొక్కా లేనివాళ్లకు మాత్రం 900వి రెండు.