విజయవాడ సింగ్ నగర్ మెకానిక్ షెడ్డు: తొమ్మిదేళ్ల అనుభవం

నా 100 సీసీ బండి 2014లో కొన్నాను. మొదటి రెండేళ్లు సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లేవాణ్ణి. బండి లోపలికి పోతుంది, సాయంత్రం తళతళలాడుతూ బయటికి వస్తుంది, మధ్యలో ఏం చేశారో మనకి కనపడదు. ఒకసారి బ్రేక్ షూలు మార్చామని బిల్లు వేశారు. నెల తర్వాత మా వీధి చివరి షెడ్డులో వెనక చక్రం విప్పిస్తే అరిగిపోయిన పాతవే ఉన్నాయి. అప్పటినుంచి, అంటే 2016 నుంచి, నా బండి ఆ షెడ్డుదే.

మెకానిక్ నాకంటే పదేళ్లు పెద్ద. నేను బాబాయ్ అంటాను, ఆయన నన్ను మాస్టారూ అంటారు. తీసేసిన ప్రతి సామానూ చేతికిచ్చి చూపిస్తారు. చైన్ కిట్ మార్చినప్పుడు పాత స్ప్రాకెట్ పళ్లు కొడవలిలా ఒక పక్కకి వంగిపోయి ఉన్నాయి. 'ఇదిగో, చైను ఎందుకు జారుతోందో ఇప్పుడు అర్థమైందా?' అన్నారు. అర్థమైంది.

ఆయన విలువ నాకు పూర్తిగా తెలిసింది 2024 సెప్టెంబర్‌లో, బుడమేరు వరదప్పుడు. సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. నా బండి ఐదు రోజులు హ్యాండిల్ దాకా మునిగింది. నీళ్లు తగ్గాక దాన్ని తోసుకుంటూ షెడ్డు దగ్గరికి వెళ్లాను. ఒక్కసారి స్టార్ట్ అవుతుందేమో చూద్దామని కిక్కు మీద కాలు పెట్టగానే 'కొట్టకండి మాస్టారూ!' అని అరిచారు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ ఎంత నొక్కినా అవి కుదించుకుపోవు, పిస్టన్‌కి తగిలించిన కనెక్టింగ్ రాడ్డే వంగిపోవచ్చట.

ముందు స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ తర్వాత కిక్కు కొట్టించారు. ప్లగ్గు రంధ్రంలోంచి బురద నీళ్లు చిమ్మాయి. కింద బోల్టు తీస్తే ముందు నీళ్లు, వెనకే పాలు ఎక్కువైన టీ రంగులో ఆయిల్. కొత్త ఆయిల్ పోసి ఐదు నిమిషాలు నడిపి మళ్లీ దించేశారు. అప్పటికీ తెల్లగానే ఉంది. మూడోసారికి తేనె రంగు వచ్చింది. షెడ్డూ మునిగింది కాబట్టి కంప్రెసర్ పాడైపోయింది. కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్నని జెట్లని సైకిల్ పంపుతో ఊది శుభ్రం చేశారు. ఎయిర్ ఫిల్టర్, రెండు బ్రేకులు, కేబుళ్లు అన్నీ కలిపి 2,300 అయింది. సొంత సామాను సగం బురదపాలైన మనిషి ఆ వారం ఎవరి దగ్గరా రూపాయి ఎక్కువ తీసుకోలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. సాయంత్రానికి ఇస్తానన్న బండి మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాదు. ఆఫీసుకో, పెళ్లికో వెళ్లాల్సిన రోజు ఇస్తే టెన్షనే. బిల్లు ఉండదు, లెక్క అంతా నోటిమాటే. 2020 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన బీఎస్ 6 (పొగ నియంత్రణ ప్రమాణం) బళ్లలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది, అంటే కార్బొరేటర్ బదులు సెన్సార్ల లెక్కతో పెట్రోల్ చిమ్మే పద్ధతి. ఆ సెన్సార్ల లోపం పట్టే స్కానర్ ఆయన దగ్గర లేదు. మా తమ్ముడి కొత్త బండి తీసుకెళ్తే ఆయిల్, బ్రేకులు, చైను చూసి, మిగతాది సర్వీస్ సెంటర్‌లోనే చూపించమని చెప్పేశారు. వారంటీలో ఉన్న బండికి నేనూ అదే చెబుతాను. పాత కార్బొరేటర్ బండి అయితే మాత్రం కళ్లు మూసుకుని ఇవ్వొచ్చు.

మొన్న రీడింగ్ 96 వేలు దాటింది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కాస్త పొగ వచ్చి ఆగిపోతోంది. ఇంజిన్ బోరు (సిలిండర్ గీయించి కొత్త పిస్టన్ వేయడం) చేయించాలేమో, ఏడెనిమిది వేలు వదిలినట్టే అనుకుంటూ వెళ్లాను. ఆయన డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ ముంచి చూశారు. బండి ఎక్కి వీధి చివరిదాకా రేస్ చేస్తూ వెళ్లొచ్చారు.

'రేస్ ఇస్తే పొగ లేదు, ఆయిల్ కూడా తగ్గలేదు. సిలిండర్‌లోకి ఆయిల్ కారకుండా ఆపే వాల్వ్ సీళ్లు మార్చుకుంటే చాలు మాస్టారూ, బోరు అప్పుడే ఎందుకు?'