పచ్చ లైటును నమ్మి బోల్తా పడ్డాను: పాత డిస్కుల కేబుల్‌తో ఆరేళ్లు

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఈ కేబుల్ మీద కోపం లేదు. కోపమంతా దానితోపాటు డబ్బాలో వచ్చిన పవర్ అడాప్టర్ మీద. ఇంకా సూటిగా చెప్పాలంటే ఆ అడాప్టర్ నెత్తిన వెలిగే పచ్చ లైటు మీద. ఆరేళ్లు వాడిన వస్తువు గురించి రాస్తూ కందిగింజంత లైటు దగ్గర కూర్చోవడం చాదస్తంలా కనబడొచ్చు. కానీ ఆ లైటు నా చేత 18,000 రూపాయలు కట్టించబోయింది.

పాత కంప్యూటర్లోంచి ఊడదీసిన హార్డ్ డిస్కును కొత్తదానికి యూఎస్‌బీలో తగిలించే కేబుల్ ఇది. ఒకే బుడిపెకి మూడు మూతులు: పాత ఐడీఈ రకం పెద్ద (డెస్క్‌టాప్) డిస్కుకి 40 పిన్నులది, పాత ల్యాప్‌టాప్ డిస్కుకి 44 పిన్నులది, తర్వాతొచ్చిన సాటా రకానికి ఇంకోటి. పెద్ద డిస్కు తిరగడానికి కరెంటు మాత్రం ఆ అడాప్టర్ నుంచే రావాలి.

తెనాలిలో మాది చిన్న డీటీపీ సెంటర్. 2003 నుంచి పెళ్లి కార్డులు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, రసీదు పుస్తకాలు, ఇదే పని. 2019లో పెంటియం 4 మదర్‌బోర్డు చచ్చిపోయి కొత్త సిస్టమ్ కొంటే, తీరా దాంట్లో ఐడీఈ సాకెట్టే లేదు. బోర్డుల మీద ఆ సాకెట్ మాయమై ఏళ్లు గడిచిపోయాయని నాకు అప్పుడు తెలిసింది. పాత సిస్టమ్‌ని అంటిపెట్టుకుని బతికేవాడికి లోకం మారిన సంగతి ఇలాగే తెలుస్తుంది. సికింద్రాబాద్ వెళ్లినప్పుడు సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) ఒక షాపులో 850 పెట్టి ఈ కేబుల్ తెచ్చుకున్నాను.

మొదటిరోజే దీన్ని నెత్తిన పెట్టుకున్నాను. డిస్కు తగిలించగానే ఏళ్ల తరబడి చేసిన పని కళ్లముందు వచ్చి కూర్చుంది. పాత విండోస్ ఎక్స్‌పీలో పాస్‌వర్డ్ పెట్టుకున్న ఫోల్డర్ మాత్రం 'యాక్సెస్ డినైడ్' అని మొరాయించింది. 'కంటిన్యూ' నొక్కి పావుగంట ఆగితే అదీ లొంగింది. ఆ ఊపులో ఊళ్లో నలుగురు డీటీపీ వాళ్ల చేత ఇదే కేబుల్ కొనిపించాను. వాళ్లలో ఇద్దరికి ఈమధ్య నేనే ఫోన్ చేసి, అప్పుడు చెప్పినదానికి కొంచెం సవరణ ఉందని చెప్పాల్సి వచ్చింది.

ఆరోజు చేసిన తప్పు ఒకటుంది. ఆ సిస్టమ్‌లో డిస్కులు రెండు. ఒకదాంట్లోవన్నీ కాపీ చేసుకున్నాను. రెండోది 80 జీబీది, 2005కీ 2010కీ మధ్య పని దాంట్లో ఉంది. "దాంట్లో ఏముంటాయిలే, పాత కార్డులేగా" అనుకుని పాలిథిన్ కవర్లో చుట్టి బీరువా మీద పడేశాను.

పోయిన ఏడాది ఒక కుర్రాడు షాపుకొచ్చాడు. బెంగళూరులో ఉద్యోగమట. వాళ్ల తాతగారు మా పక్క ఊళ్లో తెలుగు మాస్టారు, కందపద్యాల్లో ఒక శతకం రాసి 2008లో మా దగ్గరే కంపోజింగ్ చేయించి 300 కాపీలు వేయించుకున్నారు. మాస్టారు పోయారు. ఇంట్లో ఉన్న కాపీలు చెదలు తిన్నాయి.

"బాబాయ్ గారూ, తాతయ్య పుస్తకం ఫైలు మీ దగ్గర ఉంటుందా? సంవత్సరీకానికి మళ్లీ వేయిద్దామని" అన్నాడు.

"ఉండకేం నాయనా, ఎక్కడికి పోతుంది" అన్నాను. డిస్కు ముట్టుకోకుండానే.

ఆ సాయంత్రం బీరువా మీదది దింపి, దుమ్ము దులిపి, కేబుల్ తగిలించాను. అడాప్టర్ స్విచ్చి వేశాను. పచ్చ లైటు వెలిగింది. యూఎస్‌బీ పెట్టగానే కంప్యూటర్ 'టింగ్' అంది. డిస్కు గుయ్యిమని లేవబోయి, టక్‌మని ఆగింది. మళ్లీ గుయ్యి, మళ్లీ టక్. నలభై సెకన్లు అలా కొట్టుకుని ఊరుకుంది.

ఈ పనిలో ఉన్నవాళ్లెవరికైనా ఆ టక్ వింటే కడుపులో దేవుతుంది. హెడ్ (పళ్లెం మీద డేటా చదివే ముల్లు) పోయిన డిస్కు అలాగే చప్పుడు చేస్తుంది మరి. డిస్కు వెనకుండే జంపర్ (సెట్టింగ్ మార్చే చిన్న బిళ్ల) చూశాను, మాస్టర్‌లోనే ఉంది. యూఎస్‌బీ పోర్టు మార్చాను. ఇంకో కంప్యూటర్‌కి పెట్టాను. ప్రతిసారీ లైటు పచ్చగా వెలుగుతోంది, ప్రతిసారీ డిస్కు టక్కుమంటోంది. ఒక్కసారి మాత్రం ఎలాగో తిరిగి, జీ డ్రైవ్ అని కనబడింది. సంతోషించేలోపే 'ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా' అని అడిగింది. పక్కనున్న మా షాపు కుర్రాడు మౌస్ మీద చెయ్యి వేస్తుంటే పట్టుకుని ఇవతలికి లాగాను. డిస్కును చదవలేకపోతే విండోస్ అలాగే అడుగుతుంటుంది, దాని మాట పట్టించుకోకూడదు. ఫైళ్లు లేవని దానర్థం కాదు, కనబడటం లేదని మాత్రమే.

ఆ రాత్రి కనీసం పదిహేనుసార్లు ఆన్ చేసి ఉంటాను. నిజంగా హెడ్ పోయి ఉంటే, అలా తిప్పిన ప్రతిసారీ లోపల పళ్లెం గీసుకుపోయి, ల్యాబ్ వాళ్లకి కూడా ఏమీ మిగలకపోవచ్చు. రెండుసార్లు టక్కుమంటే మూడోసారి స్విచ్చి వేయకూడదు. తెలిసి తెలిసీ వేశాను.

మర్నాడు హైదరాబాద్‌లో ఒక రికవరీ కంపెనీకి ఫోన్ చేసి, ఫోన్‌లోనే ఆ చప్పుడు వినిపించాను. హెడ్ సమస్యే అయ్యుంటుంది, పంపించండి, 18,000 నుంచి మొదలవుతుంది అన్నారు. వాళ్లని తప్పుపట్టను, నేను వినిపించిన చప్పుడు అలాంటిదే. శతకం కుర్రాడిని అడిగితే ఇచ్చేవాడే, కానీ "ఎక్కడికి పోతుంది" అన్నది నేను. ఆ డబ్బు నేనే పెట్టుకుందామని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడం వల్లే ఇంకో రెండ్రోజులు ఆగాను.

ఆ రెండ్రోజుల్లో ఏదో స్పీకర్ పనిమీద మా వీధి చివర టీవీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లి, మాటల్లో ఈ గోడు చెప్పుకున్నాను.

"డిస్కు సంగతి నాకు తెలవదు గానీ, మోటారు లేవట్లేదంటే ముందు కరెంటు చూడాలి గదయ్యా" అన్నాడాయన.

"లైటు వెలుగుతోందండీ."

"లైటు వెలగడానికి ఎంత కావాలి, మోటారు లేవడానికి ఎంత కావాలి?"

అంతకంటే ఏమీ మాట్లాడకుండా మల్టీమీటరు తీశాడు. అడాప్టర్ ఒక్కదాన్నే ప్లగ్గులో పెట్టి, పసుపు వైరుకీ నల్ల వైరుకీ మధ్య చూస్తే 12.1 వోల్టులు. భేషుగ్గా ఉంది. ఎర్ర వైరు మీద 5. అదీ బాగుంది. డిస్కు తగిలించి, మీటరు పుల్లలు తియ్యకుండా స్విచ్చి వేయమన్నాడు. డిస్కు గుయ్యిమంది, మీటరు మీద 12 కాస్తా జారుకుంటూ 8.6కి పడిపోయింది, టక్‌మంది, మళ్లీ 12కి లేచింది. మళ్లీ గుయ్యి, మళ్లీ 8.6. లైటు మాత్రం మిణుక్కుమనకుండా పచ్చగా వెలుగుతోంది.

పెద్ద డిస్కు లేచేటప్పుడు ఒక్క క్షణం 12 వోల్టుల మీద దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది, తిరగడం మొదలయ్యాక అందులో చిన్న వంతుతో సరిపెట్టుకుంటుంది. ఈ అడాప్టర్ మీద రాసిందే రెండు ఆంపియర్లు. కొత్తలో అంచున నెట్టుకొచ్చింది. ఐదేళ్లయ్యాక ఊపిరి అందలేదు. పాపం ఆ డిస్కు లేవలేక చేసిన చప్పుడుని నేను చావు చప్పుడనుకున్నాను.

ఇంటికొచ్చి అటక మీదున్న పాత సిస్టమ్ క్యాబినెట్ దింపి, దాని ఎస్‌ఎమ్‌పీఎస్ (సిస్టమ్ అంతటికీ కరెంటు ఇచ్చే డబ్బా) ఊడదీశాను. బోర్డుకి వెళ్లే పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరు ఒక్కటే ఉంటుంది. దాన్నీ పక్కనున్న ఏదో ఒక నల్ల వైరునీ జెమ్ క్లిప్పుతో కలిపితే బోర్డు లేకుండానే ఎస్‌ఎమ్‌పీఎస్ ఆన్ అవుతుంది. (ప్లగ్గు పీకి పెట్టాలి క్లిప్పు, పెట్టాక స్విచ్చి వేయాలి. డబ్బా మూత మాత్రం ఎవరూ విప్పకండి.) దాని నాలుగు పిన్నుల వైరు డిస్కుకి పెట్టి, డేటాకి ఈ కేబుల్‌నే ఉంచాను. డిస్కు ఒక్కసారి గుయ్యిమని లేచి, ఇక ఆగలేదు. జీ డ్రైవ్. 2005, 2006, 2007, ఫోల్డర్లన్నీ వరసగా.

ఏదీ ఓపెన్ చేయకుండా ముందు మొత్తం కాపీ పెట్టాను. 60 జీబీ పైచిలుకు, మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ బల్ల దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు.

అడాప్టర్‌ని మళ్లీ పెద్దాయన దగ్గరికే తీసుకెళ్లాను. స్క్రూలు లేవు, బంకతో అంటించేశారు. హాక్సా బ్లేడుతో చుట్టూ కోసి విప్పితే లోపల కరెంటును నిలకడగా ఉంచే రెండు కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. మార్చి, ఇన్సులేషన్ టేపు చుట్టి ఇచ్చాడు. కెపాసిటర్ల డబ్బులు, టీ డబ్బులు కలిపి వంద దాటలేదు. ఇప్పుడు డిస్కులు లేస్తున్నాయి. అయినా దాన్ని ముఖ్యమైన పనికి వాడటానికి మనసొప్పదు. కొత్తది కొందామంటే మామూలు 12 వోల్టుల అడాప్టర్ పనికిరాదు, దీనికి 12, 5 రెండూ ఒకే వైరులో రావాలి. విడిగా అడిగితే షాపువాడు "కేబుల్‌తో సహా మొత్తం సెట్టు తీసుకోండి" అంటున్నాడు. అంటే ఇంకో పచ్చ లైటు.

శతకం సంగతి చెప్పకపోతే బాగుండదు. మేం పేజీలు కట్టుకునే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైలు (పీ65) ఉంది, దాని పక్కనే ప్రూఫుల కోసం తీసిన వర్డ్ ఫైలూ ఉంది. వర్డ్ తెరిస్తే అంతా డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు. కుర్రాడి మొహం పాలిపోయింది. ఫైలు పాడైందనుకున్నాడు. పాడవలేదు, అది అనూ అనే పాత తెలుగు ఫాంటు. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనబడే యూనికోడ్ మా పనిలోకి రాకముందు మేమందరం అలాగే కొట్టేవాళ్లం, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు దాచిపెట్టి. ఫాంటు ఉంటే తెలుగు, లేకపోతే గడ్డి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడితే చాలావరకు వచ్చింది గానీ ఒత్తులు అక్కడక్కడా ఎగిరిపోయాయి. వాటిని మాస్టారి ఛందస్సే పట్టిచ్చింది. కందంలో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం కలవాలి కదా. ఎక్కడ ప్రాస తప్పిందో అక్కడ ఒత్తు పోయిందని లెక్క. మాస్టారు ప్రాస తప్పే మనిషి కాదు. 108 పద్యాల్లో అలా ముప్ఫై దాకా దొరికాయి. పాదం మధ్యలో పోయినవాటికి మాత్రం గణాలు కట్టుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. ఇదంతా కేబుల్ ఖాతాలో వేయలేను గానీ, "ఫైలు దొరికింది" అంటే పని అయిపోయినట్టు కాదని, మా కాలం డీటీపీ ఫైళ్ల కోసం వెతుకుతున్నవాళ్లకి చెప్పాలి.

ఇక కొనాలా వద్దా అంటారా. మీ దగ్గరున్నవి ల్యాప్‌టాప్ చిన్న డిస్కులైతే నిక్షేపంగా కొనండి. వాటికి అడాప్టర్ అక్కర్లేదు, యూఎస్‌బీలో వచ్చే కరెంటే చాలు. ఆరేళ్లలో అలాంటివి ఇరవై దాకా చూశాను, ఒక్కటీ ఇబ్బంది పెట్టలేదు. పెద్ద డిస్కులైతే కేబుల్ కొనుక్కోండి, అడాప్టర్ని మాత్రం మొదట్నుంచీ అనుమానించండి. నాకంటే అటక మీద పాత ఎస్‌ఎమ్‌పీఎస్ ఉంది, వీధి చివర మీటరున్న పెద్దాయన ఉన్నాడు. ఆ రెండూ లేనివాళ్లకి నా మాట ఎంతవరకు పనికొస్తుందో చెప్పలేను. కేబుల్ 40 పిన్నుల మూతి కూడా బాగా బిగుతు, లాగేటప్పుడు అటూఇటూ ఊపితే డిస్కు పిన్ను వంగుతుంది. ఒకటి వంగింది కూడా, సూదితో సరిచేశాను.

బీరువా మీద ఇంకో 40 జీబీ డిస్కు ఉంది, 2003-04ది. దసరా సెలవుల్లో దాని పని పట్టాలి. ఎస్‌ఎమ్‌పీఎస్‌ని మళ్లీ అటక ఎక్కించలేదు, బల్ల కిందే పెట్టుకున్నాను.