సెల్ఫ్ తిరగని పాత కారుకి మామూలు మల్టీమీటరు: ఏళ్ల తరబడి వాడాక

ఇంట్లో పదేళ్లు దాటిన పెట్రోల్ కారు ఉంటే ఒక డిజిటల్ మల్టీమీటరు కొని పెట్టుకోవడం దండగ కాదు. నాది కరెంటు సామాను షాపుల్లో వేలాడుతూ కనిపించే పసుపుపచ్చ మీటరు, వెయ్యి రూపాయల లోపుదే. కారేమో 2000 తర్వాతి తొలి ఏళ్ల నాటి చిన్న హ్యాచ్‌బ్యాక్. ఇంజెక్షన్ ఇంజినే గానీ ఎలక్ట్రానిక్స్ తక్కువ. విజయవాడ ఎండలో డాష్‌బోర్డు అరలో పడి ఉండి కూడా ఆ మీటరు ఇన్నేళ్లూ పనిచేసింది. దాని మీద బోలెడు స్కేళ్లున్నా, కారు స్టార్ట్ కానప్పుడు నాకు అక్కరకొచ్చింది దాదాపుగా ఒకటే: డీసీ వోల్టుల స్కేలు. అదీ సెల్ఫ్ కొడుతున్నప్పుడు చూసే రీడింగు.

ఊరికే ఉన్న బ్యాటరీ మీద రీడింగు చూసి మోసపోయేవాళ్లు చాలామంది. కారు రాత్రంతా కదలకుండా ఉన్నాక 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పావు వంతు, 12.2 అయితే సగం. 12కి వచ్చిందంటే అడుగంటుతోందని అర్థం. ఇప్పుడే నడిపి ఆపిన కారులో ఈ లెక్క పనిచేయదు, రీడింగు ఎక్కువే చూపిస్తుంది. హెడ్‌లైట్లు ఒకట్రెండు నిమిషాలు వేసి ఆర్పి, కాసేపాగి చూడాలి. అయినా అది సగం సమాచారమే. లోపల పాడైన బ్యాటరీ కూడా తీరిగ్గా 12.5 చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టగానే ఏడుకో ఎనిమిదికో పడిపోతుంది. మన వాతావరణంలో 9.6 కంటే దిగకూడదు. దిగితే బ్యాటరీ అయినా పోయి ఉండాలి, సెల్ఫ్ మోటరైనా మితిమీరి కరెంటు లాగుతూ ఉండాలి. పక్క కారు బ్యాటరీతో జంపర్ కేబుళ్లు కలిపి చూస్తే ఆ రెండింట్లో ఏదో దాదాపుగా తేలిపోతుంది.

మా కారు విషయంలో చిక్కు వేరు. పొద్దున్నే ఒక్కసారి 'టక్' మని ఊరుకునేది, కాసేపటికి మామూలుగా లేచేది. బ్యాటరీ షాపులో చూసి, కొని ఎంతో కాలం కాని బ్యాటరీనే మార్చమన్నారు. ఆటో ఎలక్ట్రీషియన్ సెల్ఫ్ మోటరు విప్పి బ్రష్‌లు మార్చారు. కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదలైంది. అప్పుడు నేను మీటరు నల్ల వైరును బ్యాటరీ నెగెటివ్ స్తంభం మీద పెట్టాను. దానికి బిగించిన టెర్మినల్ మీద కాదు, సీసపు స్తంభం మీదే. ఎర్ర వైరును ఇంజిన్ బ్లాకు మీద రంగు లేని చోట ఆనించాను. మా ఆవిడ కీ తిప్పింది. తెర మీద ఒకటిన్నర వోల్టు దాటింది. అక్కడ ఉండాల్సింది 0.2 లోపే. ఆ మేరకు వోల్టులు సెల్ఫ్‌కి చేరకుండా ఎర్త్ దారిలోనే, అంటే కరెంటు ఇంజిన్ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగొచ్చే దారిలోనే, ఖర్చవుతున్నాయన్నమాట. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉన్న ఎర్త్ పట్టీ బోల్టు విప్పితే కింద తుప్పు. ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, కొత్త పట్టీ వేయించాం. బ్యాటరీ ధరలో పదో వంతు కూడా కాలేదు.

ఈ లోపం, అడ్డు కొలిచే ఓమ్స్ స్కేలుకీ, వైరు తెగలేదంటే మోగే బీప్‌కీ దొరకదు. అందుకే ఈ సమీక్ష రాస్తున్నాను. చిన్న కారు సెల్ఫ్ కూడా వంద ఆంపియర్ల పైనే లాగుతుంది. దారిలో ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉన్నా అక్కడే ఒక వోల్టు పోతుంది. మామూలు మీటరులో రెండు మొనలూ ఒకదానికొకటి తాకించినా 0.2, 0.3 ఓమ్‌లు చూపిస్తుంది. ఇంక నూరో వంతు ఎక్కడ కనిపిస్తుంది? కేబుల్ లోపల పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా బీప్ దర్జాగా మోగుతుంది. సెల్ఫ్ విషయంలో బీప్ అబద్ధపు సాక్షి. పాజిటివ్ వైపూ ఇలాగే చూడొచ్చు. బ్యాటరీ ప్లస్ స్తంభం నుంచి సెల్ఫ్ మోటరు లావు బోల్టు దాకా, సెల్ఫ్ కొడుతుండగా అర వోల్టు దాటకూడదు. టెర్మినళ్ల మీద నీలం, తెలుపు పొడి పేరుకుంటే ముందు వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగేయండి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు తీయాలి, బిగించేటప్పుడు అది చివర. ఈ పరీక్షలు చేసేముందు గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంచండి. ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ తీసేస్తే, పైపుల్లో మిగిలిన పెట్రోలు అయిపోయాక ఇంజిన్ లేవకుండా సెల్ఫ్ మాత్రమే తిరుగుతుంది, తీరిగ్గా రీడింగు చూసుకోవచ్చు.

కీ తిప్పితే టక్కుమని కూడా అనకపోతే సెల్ఫ్ మీదికి వచ్చే సన్న వైరును చూడాలి. ఇక్కడ నా మీటరు కంటే టెస్ట్ ల్యాంపే మేలు. మీటరు లాగే కరెంటు లేనట్టే లెక్క. అరిగిపోయిన ఇగ్నిషన్ స్విచ్ వెనక కూడా నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది. అదే చోట టెస్ట్ ల్యాంప్ పెడితే బల్బు మినుకుమంటుంది. ఈ ల్యాంప్ వంద, రెండొందల్లో వస్తుంది. పార్కింగ్ బల్బు, హోల్డరు, రెండు వైర్లతో ఇంట్లోనూ చేసుకోవచ్చు. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటరు) వైర్ల జోలికీ, పసుపు కనెక్టర్లుండే ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికీ మాత్రం దీన్ని తీసుకెళ్లకండి.

సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే మీటరు తీయకముందే చెవి పెట్టండి. కీ ఆన్ చేయగానే వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు గుయ్‌మనాలి. అనకపోతే ఫ్యూజ్, రిలే (పంపుకి కరెంటు కలిపే చిన్న స్విచ్ డబ్బా) చూడాలి. ఫ్యూజ్ పీకక్కర్లేదు, దాని నెత్తి మీద రెండు లోహపు చుక్కలుంటాయి. కీ ఆన్‌లో రెండు చోట్లా 12 వోల్టులుంటే అది బాగున్నట్టే. రిలేకి, పక్కనే అదే నంబరున్న హారన్ రిలే తీసి మార్చి చూడటం అన్నిటికంటే తేలిక. ఎలుకలు కొరికిన వైరును పట్టుకోవడానికి మాత్రం బీప్ భేషుగ్గా పనికొచ్చింది, వానాకాలంలో మా బానెట్ కింద అది ఏటా ఉండే ముచ్చటే.

మీటరు చేతులెత్తేసిన సందర్భమూ ఉంది. ఎండలో దూరం నడిపి ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోవడం, గంట తర్వాత ఏమీ ఎరగనట్టు లేవడం. అది క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకి చెప్పేది) పని. చల్లారాక కొలిస్తే ఓమ్‌లన్నీ సరిగ్గానే ఉంటాయి. మొండికేసిన క్షణంలోనే, వేడి ఇంజిన్ మీద వంగి కొలవాలి. నడి వేసవిలో హైవే పక్కన ఆ ఓపిక ఎవరికుంటుంది? మా మెకానిక్ ఆర్‌పీఎం ముల్లు చూసి అనుమానించారు, సెల్ఫ్ తిరుగుతున్నా అది కదల్లేదు.

రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతుంటే ఆంపియర్ల స్కేలు కావాలి. నెగెటివ్ కేబుల్ విప్పి మధ్యలో మీటరు కలిపితే, కారు మొత్తం నిద్రపోయాక 50 మిల్లీ ఆంపియర్లు మించకూడదు. మా కారులో అంతకు చాలా రెట్లు వచ్చింది. బయట పెట్టించిన స్టీరియో వైరును ఎవరో కీతో సంబంధం లేని లైనుకి మెలితిప్పి టేపు చుట్టారు. పాత కార్లలో కంపెనీ వైరింగ్ కంటే ఇలాంటి టేపు అతుకులే ఎక్కువ టెన్షన్ పెడతాయి. మీటరు అలా కలిపి ఉండగా ఎవరూ కీ ముట్టుకోకూడదు. మా బావమరిది ఉత్సాహంగా సెల్ఫ్ కొట్టాడు, మీటరులో 10 ఆంపియర్ల ఫ్యూజ్ ఠపీమంది. ఫ్యూజ్ ఉంది కాబట్టి సరిపోయింది. బాగా చవక మీటర్లలో ఆ సాకెట్‌కి ఫ్యూజే ఉండదు, 'అన్‌ఫ్యూజ్డ్' అని దాని పక్కనే రాసి ఉంటుంది. కొనేటప్పుడు నేను మొదట చూసేది అదే.

నాకున్న ఫిర్యాదులు కొన్ని. ప్రోబు వైర్లు ఎండకి బిరుసెక్కి లోపల తెగాయి, మార్చాల్సి వచ్చింది. తెర నెమ్మది, సెల్ఫ్ కొట్టిన మొదటి క్షణంలో పడే వోల్టులు దానికి అందవు, అతి తక్కువ, అతి ఎక్కువ రీడింగులను పట్టి ఉంచే మిన్-మాక్స్ బటన్ ఉంటే బాగుండేది. లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే రీడింగులు పెరుగుతాయి. 12.6 బదులు 13 దాటి చూపిస్తే కారుని కాదు, మీటర్ని అనుమానించండి. ఛార్జింగ్ చూడటానికి డీసీ స్కేలు చాలు, ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే సరి. డైనమోలో (ఆల్టర్నేటరు) ఏసీని డీసీగా మార్చే డయోడ్లు పోయాయేమో చూడటానికి ఏసీ స్కేలు వాడమంటారు. అడుగు రకం మీటర్లలో అది డీసీని కూడా ఏసీగానే చూపిస్తుంది, కాబట్టి ఆ పరీక్ష వీటితో పెట్టుకోకండి.

నా వరకు అయిదుకి నాలుగు మార్కులు. దీనితోపాటు ప్రోబులకి తగిలించే క్లిప్పులు కొంటే ఇంకో మనిషి సాయం లేకుండా కీ మీరే తిప్పుకోవచ్చు. క్లాంప్ మీటరు (వైరు విప్పకుండా దాని చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది) కొనాలనుకునేవాళ్లు డీసీ ఆంపియర్లు కూడా కొలుస్తుందో లేదో డబ్బా మీద చూసుకోండి, చవకవి చాలావరకు ఏసీ ఆంపియర్లే కొలుస్తాయి, కారులో కరెంటు కొలవడానికి పనికిరావు. నా మీటరు తెర మీద ఇప్పుడు ఒక అంకెలో కింది గీత వెలగడం లేదు. అది పూర్తిగా పోయాక డీసీ క్లాంపే తీసుకుంటాను.