పనసపొట్టు కూర నుంచి వైన్ దాకా: అలమరలో ఉంచుకోదగ్గ పుస్తకాలు

తిండి గురించి ఇంగ్లీషులో వచ్చే పుస్తకాల్లో చాలావాటిని ఒకసారి తిరగేసి అటకెక్కించెయ్యొచ్చు. నిగనిగలాడే ఫొటోలు, శ్రీకాకుళం సంతలో కనిపించని సరుకులు, అంతే. ఏళ్ల తరబడి వాడినా పాతబడనివి వేరు. అవి ఎలా వండాలో చెప్పడం కన్నా, ఎందుకలా అవుతుందో చెప్తాయి.

వాటిలో మొదటిది హెరాల్డ్ మెగీ ‘ఆన్ ఫుడ్ అండ్ కుకింగ్’. తొలిసారి 1984లో వచ్చింది. కొనేటప్పుడు మాత్రం 2004లో తిరగరాసిన కూర్పే అడగండి. ఎనిమిది వందల పేజీలు దాటిన గ్రంథం. కథలా మొదటి నుంచి చదవబోతే పాల అధ్యాయంలోనే అలసిపోతారు. ఆ పూట ఏం వండుతున్నారో వెనక సూచికలో వెతికి, ఆ రెండు పేజీలే చదవండి. అలా వాడితే ఎంత హాయిగా ఉంటుందో మన ఆవపెట్టిన పనసపొట్టు కూరతో తేలిపోతుంది.

ఆవ ఘాటు గింజలో సిద్ధంగా ఉండదు. గింజ నలిగి తడి తగిలాక లోపలి ఎంజైము (రసాయన మార్పును నడిపించే పదార్థం) పనిచేస్తేనే పుడుతుంది. అందుకని చల్లటి నీళ్లతో నూరి ఓ పది నిమిషాలు వదిలెయ్యాలి. వేడినీళ్లు పోస్తే ఎంజైము పాడై ఘాటు పుట్టదు, చేదు మిగులుతుంది. చింతపండు రసం ముందే కలిపితే ఎంజైము మందగిస్తుంది. ఘాటెక్కాక కలిపితే ఆ పులుపే ఘాటును నిలబెడుతుంది. పొయ్యి మీద ఉండగా ఆవముద్ద వేస్తే ఘాటంతా ఆవిరితో పోతుంది. కూర దించి, గోరువెచ్చనయ్యాక కలపమని పెద్దలు అన్నది ఇందుకే. తాలింపులో చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉంటాయే తప్ప ముక్కుకి ఎక్కవు, కారణం ఇదే. మందస కోవా అంటే ఇష్టమున్నవాళ్లు పాల అధ్యాయాన్ని వదలొద్దు. పాలు ఇగిరేకొద్దీ రంగెందుకు తేలతాయో, అడుగెందుకు అంటుతుందో అక్కడే ఉంది.

సమీన్ నోస్రత్ ‘సాల్ట్ ఫ్యాట్ యాసిడ్ హీట్’ (2017) బొమ్మలతో, కబుర్లు చెప్పినట్టు సాగుతుంది. ఉప్పు, కొవ్వు, పులుపు, వేడి అనే నాలుగు మాటలతో ఏ వంటనైనా సరిదిద్దుకోవడం నేర్పుతుంది. మొదటి సగం బంగారం. వంటకాల భాగంలో ఒక్క జాగ్రత్త: అమెరికాలో వాడే పొరల్లాంటి తేలిక ఉప్పు స్పూనుడు ఎంత తూగుతుందో, మన ప్యాకెట్ మెత్తుప్పు దానికి దాదాపు రెట్టింపు తూగుతుంది. కొలత చూసి వేస్తే నోట్లో పెట్టుకోలేరు. నౌపడా కళ్ళుప్పు అయితే పలుకు సైజును బట్టి స్పూను మారిపోతుంది. చిన్న తూకం యంత్రం పెట్టుకోండి. కిలో కూరముక్కలకి 10 గ్రాములతో మొదలుపెట్టి రుచి చూస్తూ పెంచుకోండి.

ఈ రెండూ బరువనిపిస్తే క్రిష్ అశోక్ ‘మసాలా ల్యాబ్’ (2020) తీసుకోండి. మన కుక్కరు, మన పప్పు, మన తాలింపు. మెగీ అంత లోతు లేదు, కానీ వారంలో అయిపోతుంది.

కె.టి. అచ్చయ ‘ఇండియన్ ఫుడ్: ఎ హిస్టారికల్ కంపానియన్’ (1994) వంట నేర్పదు, చరిత్ర చెప్తుంది. మిరప, టమాటా, బంగాళాదుంప, జీడి అమెరికా ఖండాల నుంచి వచ్చినవని చదివాక పలాస జీడిపప్పు, ఉద్దానం తోటలు కొత్తగా కనిపిస్తాయి. పనస, ఆవ మాత్రం ఇక్కడ పాతకాపులు. వాక్యాలు కుదించినట్టుంటాయి, రోజుకి నాలుగైదు పేజీలు చాలు. అదే రచయిత 1998 నాటి భారతీయ ఆహార నిఘంటువు అక్షరక్రమంలో ఉంటుంది. ఎక్కడ తెరిచినా చదువుకోవచ్చు.

వైన్ పుస్తకాలు చదవడానికి తాగే అలవాటు అక్కర్లేదు. జార్జ్ టేబర్ ‘జడ్జ్‌మెంట్ ఆఫ్ ప్యారిస్’ (2005) నవలలా పరుగెడుతుంది. 1976 మే 24న ప్యారిస్‌లో ఫ్రెంచి నిపుణులు సీసాల పేర్లు తెలియకుండా రుచి చూసి, తెల్లవైన్‌లోనూ ఎర్రవైన్‌లోనూ కాలిఫోర్నియాకే మొదటి స్థానం ఇచ్చారు. అక్కడున్న ఏకైక విలేఖరి టేబరే. పోటీ ఘట్టం చిన్నది. ద్రాక్షతోటల మనుషుల కథలే పుస్తకానికి ప్రాణం. పులియడం ఏమిటో ముందు తెలియాలంటే మెగీ 13వ అధ్యాయం చూడండి. పొద్దున తియ్యగా దించిన తాటికల్లు సాయంత్రానికి పులిసిపోతే, వైన్ ఏళ్లు ఎందుకు నిలుస్తుందో బోధపడుతుంది: ద్రాక్షలోని పులుపు, కల్లు కన్నా ఎక్కువ ఆల్కహాలు, గాలి చొరకుండా బిరడా.

ఆపైన హ్యూ జాన్సన్ మొదలుపెట్టిన ‘వరల్డ్ అట్లాస్ ఆఫ్ వైన్’, వైన్ ప్రాంతాల పటాల పుస్తకం. తొలి కూర్పు 1971లో వచ్చింది. ధర ఎక్కువే. పాత కూర్పు సెకండ్ హ్యాండ్‌లో దొరికితే నిస్సందేహంగా తీసుకోండి, కొండవాలుల పటాలు ఇప్పటికీ పనికొస్తాయి. నునుపు కాగితం మాత్రం మన వానాకాలం తేమకి అతుక్కుంటుంది. గోడకి ఆనించకుండా ఉంచండి.