పాత సూర్యగ్రహణాలు చూడాలంటే స్టెల్లేరియం: శ్రీకాకుళం నుంచి ఒక రివ్యూ

స్టెల్లేరియం అనగానే చాలామంది రాత్రిపూట నక్షత్రాలు గుర్తుపట్టే యాప్ అనుకుంటారు. నేను మాత్రం పదిహేను, పదహారు వందల ఏళ్ల కిందటి సూర్యగ్రహణాలు చూడటానికే వాడుతున్నాను. ఆ పనికి ఇంత మంచిది ఉచితంగా దొరకడం మన అదృష్టం.

నేను చెప్పేది కంప్యూటర్‌లో వేసుకునే దాని గురించి. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది, తుపాను వస్తే నెట్ పోయే మా జిల్లాలో అది చిన్న విషయం కాదు. ఎఫ్6 నొక్కితే ఊరు, ఎఫ్5 నొక్కితే తేదీ, ఎఫ్10లో గ్రహణాల పట్టిక. 1582కి ముందు తేదీలకి తనే అప్పట్లో వాడిన జూలియన్ క్యాలెండర్‌లోకి మారిపోతుంది కాబట్టి చరిత్ర పుస్తకంలో ఉన్న తేదీ ఉన్నట్టే కొట్టొచ్చు. కొత్తవాళ్ళు ముందు 1980 ఫిబ్రవరి 16 గ్రహణం పెట్టి చూడండి, ఇంట్లో పెద్దవాళ్ళకి అది గుర్తుంటుంది, వాళ్ళనీ పక్కన కూర్చోబెట్టుకోవచ్చు.

ఇక అసలు సంగతికి వస్తా. ఏథెన్స్‌లో ప్రోక్లస్ అనే తత్వవేత్త 485లో చనిపోయాడు. అంతకు ఏడాది ముందు మకరరాశిలో, తూర్పు దిక్కున గ్రహణం పట్టి, పగలే రాత్రయి నక్షత్రాలు కనిపించాయని శిష్యుడు మరినస్ రాశాడు, గురువు పోతాడని ముందే వచ్చిన సూచనగా. ఏథెన్స్ పెట్టి, 484 జనవరి 14 కొట్టి, తెల్లవారుజాము నుంచి టైమ్‌ని మెల్లగా నడిపించండి. సూర్యుడు పొడిచే వేళకే గ్రహణం! మరినస్ తూర్పు దిక్కు అని ఎందుకు చెప్పాడో అక్కడ కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది.

418 జూలై 19 గ్రహణం ఇంకా గొప్పది. కాన్‌స్టాంటినోపుల్‌లో ఉండిన చరిత్రకారుడు ఫిలోస్టోర్జియస్, పగటి ఎనిమిదో గంట వేళ (సూర్యోదయం నుంచి లెక్క, అంటే మనకి మధ్యాహ్నం దాటాక) నక్షత్రాలు కనిపించేంతగా చీకటి పడిందని, దాంతోపాటే శంకువు ఆకారంలో ఒక వెలుగు కనిపించిందని రాశాడు. అది తోకచుక్క, ఈ తెర మీద నాకు కనిపించలేదు. సరే, ఇస్తాంబుల్ (కాన్‌స్టాంటినోపుల్ ఇప్పటి పేరు) పెట్టి, భూమి తిరిగే లెక్కకి పాత సూత్రంతో చూస్తే సూర్యుడు ఒక ముక్క మిగిలే ఉన్నాడు. అలాంటప్పుడు నక్షత్రాలెలా కనిపించాయి?

దీనికి డెల్టా టి కారణం, అంటే ఒకే వేగంతో నడిచే గడియారం టైముకీ, భూమి తిరగడాన్ని బట్టి లెక్కేసే టైముకీ మధ్య తేడా. చంద్రుడి వల్ల వచ్చే ఆటుపోట్లతో భూమి తిరిగే వేగం నెమ్మదిగా తగ్గుతూ వస్తోంది. రోజులో అది కనిపించని తేడాయే గానీ శతాబ్దాల మీద పోగుపడి ఐదో శతాబ్దం దగ్గరికి వెళ్ళేసరికి గంటన్నర దాటిపోతుంది, ఆ లెక్క నాలుగు నిమిషాలు అటూ ఇటూ అయితే చాలు, భూమి ఒక డిగ్రీ జరిగిపోయి నీడ పక్క ఊళ్ళ మీద పడుతుంది. ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, సెట్టింగ్స్‌లో రకరకాల డెల్టా టి సూత్రాలు ఇచ్చి మననే ఎంచుకోమంటుంది. 2022లో జపాన్ పరిశోధకులు బైజాంటైన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యం) రాతల్లోని 346, 418, 484, 601, 693 గ్రహణాలు తీసుకుని ఈ లెక్కనే సరిచూశారు. ఫిలోస్టోర్జియస్ చెప్పినట్టు జరగాలంటే ఐదో శతాబ్దంలో డెల్టా టి పాత అంచనా కన్నా ఎక్కువ ఉండాలని తేల్చారు. కాబట్టి తెర మీద కుదరలేదని పాతవాళ్ళు గొప్పలు రాశారనుకోకండి, ఇక్కడ ఆయన రాతే లెక్కని దిద్దింది.

మన వైపూ అదే కాలం. చంద్రుడు సూర్యుణ్ణి కప్పుతాడని, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతుందని ఆర్యభటుడు చెప్పిన రోజులు, 499 దగ్గర. ఇంచుమించు అప్పుడే కళింగంలో గాంగ శకం మొదలైంది. తూర్పు గాంగుల రాగిరేకుల్లో సూర్యగ్రహణం రోజు చేసిన దానాలున్నాయి, ఆ శకం ఏ ఏడు మొదలైందో తేల్చడానికి పండితులు ఆ గ్రహణాల్నీ లెక్కలోకి తీసుకున్నారు. శ్రీకాకుళానికి 18.3 అక్షాంశం, 83.9 రేఖాంశం కొట్టి, ఆ శతాబ్దాల్లో ఏ గ్రహణాలు ఇక్కడ కనిపించాయో మీరే చూసుకోండి. శాసనంలో గ్రహణం అని ఉంటే సంపూర్ణమే అనుకోవద్దు, పాక్షికమైనా దానానికి పుణ్యకాలమే.

చరిత్ర చదివే డిగ్రీ పిల్లలకి, హైస్కూల్ సైన్స్ టీచర్లకి ఐదుకి ఐదు ఇచ్చి మరీ చెప్తున్నా, వేసుకోండి. కంప్యూటర్ మరీ పాతదైతే పాత వెర్షన్ ప్రయత్నించండి.