“మన కరెంటుకి మార్చి ఇస్తాం” అని అమ్మే లెడ్ పాట్‌తో జాగ్రత్త

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చేపల వేట కోసం సొంతంగా సీసంతో జిగ్ హెడ్లు (గాలానికి బరువుగా ఉండే సీసపు తలలు), గుండ్లు పోసుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. అమెరికా మార్కెట్ కోసం తయారైన ఎలక్ట్రిక్ లెడ్ పాట్లను, అంటే సీసం కరిగించే పాత్రలను తెప్పించి, “మన 230 వోల్టులకు మార్చాం, ప్లగ్గు పెట్టుకోవడమే” అని అమ్మేవాళ్ళు మన దగ్గరా తయారయ్యారు. విజయవాడలో అలాంటి ఒకాయన దగ్గర పదకొండు వేలు పెట్టి నేనూ ఒకటి కొన్నాను. ఆయన పేరు మాత్రం అడగొద్దు. ఆ పాట్ అడుగున ఏముందో తెలిస్తే, రేపు అదే సరుకును ఇంకెవరు అమ్మినా మీరే గుర్తుపడతారు.

ముందు ఆ పాట్ ఏ రకమో చెప్తాను. 20 పౌండ్లు, అంటే సుమారు తొమ్మిది కిలోల సీసం పడుతుంది. అడుగున ముక్కు ఉంటుంది, లివర్ ఎత్తితే కరిగిన సీసం నేరుగా అచ్చులోకి దిగుతుంది. పైన పేరుకునే తెట్టు అచ్చులోకి రాదు కాబట్టి గరిటెతో పోసినదానికంటే జిగ్ హెడ్లు నున్నగా వస్తాయి. నాగాయలంక వైపు పండుగప్ప కోసం వెళ్ళేవాళ్ళకు తెలుసు, మడ వేళ్ళలో చిక్కుకుని ఒక్క పూటలో ఎన్ని జిగ్‌లు తెగిపోతాయో. కొనుక్కుంటూ పోతే జేబుకు చిల్లే. కాబట్టి పాట్ కొనాలనుకోవడంలో తప్పేం లేదు. ఎలాంటిది కొంటున్నాం అన్నదే సమస్య.

ఈ పాట్లు ఎక్కువగా తుపాకీ గుళ్ళు పోసుకునేవాళ్ళ కోసం చేసినవి. అందుకని మనకు రెండు మార్పులు అవసరమవుతాయి. ఒకటి కరెంటు. అమెరికాలో ఇళ్ళకు వచ్చేది 120 వోల్టులు, మనకు 230. రెండోది ఎత్తు. గుళ్ళ అచ్చు చిన్నది, జిగ్ అచ్చు పొడుగ్గా, వెడల్పుగా ఉంటుంది, చాలాసార్లు ముక్కు కింద పట్టదు. ఈ రెండూ తానే చేసిస్తానన్నాడు అమ్మినాయన. రెండూ చేశాడు. రెండూ ప్రమాదకరంగానే చేశాడు.

కొనకముందు వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. తళతళలాడే సీసం, దాని మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ (తాకకుండానే వేడి కొలిచే మీటరు) పెడితే 350 డిగ్రీలు. చూడ్డానికి ఎంతో పద్ధతిగా ఉంది. సీసం కరిగేది 327 డిగ్రీల దగ్గర, కాబట్టి 350 అంటే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. కానీ మెరిసే లోహం మీద ఆ గన్ సరైన లెక్క చూపించదు. అద్దంలాంటి ఉపరితలం నుంచి వేడి కిరణాలు తక్కువ వెలువడతాయి, గన్ దాన్ని తక్కువ వేడిగా లెక్కేస్తుంది. సీసంలో ముంచి చూసే కె టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) లాంటిదే నమ్మదగ్గది. ఇంటికొచ్చాక దాన్ని ముంచితే 550 దాటి ఇంకా ఎక్కుతూనే ఉంది. అప్పటికి వేడి పెంచే, తగ్గించే డయల్ సగానికంటే తక్కువలో ఉంది. డయల్ మొత్తం తగ్గించినా ఏ తేడా లేదు. సీసం పైపొర పసుపు రంగుకు తిరిగింది, బయటి రేకు మీద పెయింటు ఉబ్బి పొక్కులొచ్చింది. మెయిన్ స్విచ్ తీసేస్తే తప్ప వేడి దిగలేదు.

మా బావమరిది ఆటోనగర్‌లో మోటార్ వైండింగ్ చేస్తాడు. పాట్ పూర్తిగా చల్లారాక అతని దగ్గరికి తీసుకెళ్ళాను. తిరగేసి నాలుగు స్క్రూలు విప్పగానే, “బావా, ఇది మార్చడం కాదు, మోసం చేయడం” అన్నాడు.

లోపల ఎలిమెంట్ అదే, 120 వోల్టులది, 700 వాట్లని దాని మీదే కొట్టి ఉంది. దానికి సిరీస్‌లో ఒక నల్లటి డయోడ్. చుట్టూ వేసిన స్లీవ్ కాలి పెళుసుబారి, వేలితో ముడితే రాలిపోయింది. ఇదీ ఆయన “మార్పు”. డయోడ్ ఏసీ కరెంటులో సగం తరంగాన్ని ఆపేస్తుంది, కాబట్టి సగం కరెంటే వెళ్తుంది, 230లో సగం 115 కదా అని లెక్క. వినడానికి బాగానే ఉంటుంది. లెక్క మాత్రం తప్పు. వోల్టేజీ పెరిగితే వాట్లు దాని వర్గం చొప్పున పెరుగుతాయి. 120 వోల్టుల ఎలిమెంట్‌ను నేరుగా 230కి పెడితే 700 వాట్లు కాస్తా దాదాపు 2,570 అవుతాయి. డయోడ్ అందులో సగం ఆపినా మిగిలేది 1,285. అంటే ఎలిమెంట్ తట్టుకోవాల్సినదానికి దాదాపు రెట్టింపు. వేడిని బట్టి కరెంటు ఆపే థర్మోస్టాట్ కాంటాక్టులు ఆ లోడుకి కాలి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. డయల్ తిప్పినా తేడా రాకపోవడానికి కారణం అదే.

ఇంకా భయపెట్టే సంగతి వేరే ఉంది. డయోడ్ పాడైతే చాలాసార్లు షార్ట్ అయి పాడవుతుంది. అప్పుడు సగం ఆపేదేమీ ఉండదు, పూర్తి 230 నేరుగా ఎలిమెంట్‌కి వెళ్తుంది. ఇంట్లో మామూలు 6 ఆంప్స్ ప్లగ్గు మీద 11 ఆంప్స్ లాగుతుందన్నమాట, అదీ తొమ్మిది కిలోల కరిగిన సీసం కింద.

ఎర్త్ సంగతి చూసి మా బావమరిదికి నిజంగా కోపం వచ్చింది. ప్లగ్గుకి మూడు పిన్నులున్నాయి, వైరులో ఆకుపచ్చ తీగ కూడా ఉంది. లోపలికి వచ్చాక ఆ తీగను కోసేసి, చివర నల్ల టేపు చుట్టి పక్కకు మడిచాడు. బాడీకి ఎక్కడా కలపలేదు. వేడికి టేపు కరిగి జిగురులా సాగుతోంది. ఎలిమెంట్ ఇన్సులేషన్ పోయి బాడీకి తగిలితే చేతిలో ఉన్న ఇనప లివర్‌కే కరెంటు. ఎందుకు కోశాడో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు, కలపడానికి ఒక్క స్క్రూ చాలు.

ఎత్తు విషయానికొస్తే, పాట్ కింద సన్నటి యాంగిల్ ముక్కలు నాలుగు వెల్డింగ్ చేసి లేపాడు. పైన బరువు, కింద ఇరుకైన కాళ్ళు. లివర్ కాస్త గట్టిగా లాగితే మొత్తం పాట్ వెనక్కి ఊగుతోంది. కాళ్ళలో ఒకటి పొట్టి. దాని కింద అట్టముక్క పెట్టుకోమని సలహా కూడా ఇచ్చాడు మహానుభావుడు.

ఫోన్ చేస్తే మొదట “అన్నా, అందరికీ ఇదే ఇస్తున్నా, ఎవరూ కంప్లైంట్ చెప్పలేదు” అన్నాడు. డయోడ్ ఫొటో పంపాక “మీరు విప్పారు కాబట్టి వాపస్ లేదు” అన్నాడు. తర్వాత ఫోనే ఎత్తలేదు.

సరిగ్గా చేయాలంటే ఎలా అని అడిగేవాళ్ళుంటారు. 120 వోల్టుల పాట్ చవగ్గా దొరికితే 230ని 120కి తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోండి. 700 వాట్ల పాట్‌కి కనీసం 1,000 వీఏ (వోల్ట్ ఆంపియర్ల) ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. బరువుగా ఉంటుంది, ఖర్చూ ఉంటుంది, కానీ పాట్‌ను ముట్టుకోనక్కర్లేదు. నన్నడిగితే ఇంకా మంచిది, మొదటే 220 లేదా 230 వోల్టులదని కంపెనీ ప్లేటు మీద ఉన్న పాట్ తెప్పించుకోవడం. ఈ పాట్లు చేసే కంపెనీల్లో అలాంటి మోడల్ అమ్మేవీ ఉన్నాయి. కొద్దిగా ఎక్కువైనా అదే నయం.

వేడి కంట్రోల్ కోసం పీఐడీ కంట్రోలర్ (పెట్టిన వేడి దగ్గరే నిలిపే ఎలక్ట్రానిక్ పరికరం) పెట్టడం మంచి మార్పే, నేను దానికి వ్యతిరేకిని కాదు. కంట్రోలర్, సీసంలో మునిగే థర్మోకపుల్, కరెంటు ఆన్, ఆఫ్ చేసే సాలిడ్ స్టేట్ రిలే, దాని వేడి లాగే హీట్ సింక్, ఇవి ఉంటే 380 దగ్గర పెట్టి హాయిగా పోసుకోవచ్చు. అయితే చవకబారు రిలేల మీద 40 ఆంప్స్ అని రాసి ఉన్నా నమ్మొద్దు. అవి కూడా పాడైతే ఆన్‌లోనే ఉండిపోవచ్చు. అందుకే చేతికందే దూరంలో ఎంసీబీ (లోడు ఎక్కువైతే ఆపే స్విచ్), లైన్‌కి 30 మిల్లీ ఆంప్స్ ఆర్సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్) ఉండి తీరాలి. ఎత్తు పెంచాలంటే మందపాటి వెడల్పు ప్లేటు మీద స్టాండు చేయించి, దాన్ని బల్లకు బోల్టులతో బిగించాలి. ఆటోనగర్‌లో ఏ వెల్డరైనా పూటలో చేసిస్తాడు.

ముక్కులోంచి సీసం చుక్కలు కారడం మాత్రం ఈ రకం పాట్లకు మామూలుగా ఉండే జబ్బే, దానికి అమ్మినవాణ్ణి తిట్టి లాభం లేదు. లోపలి రాడ్డు మొనకు, రంధ్రానికి మధ్య తెట్టు చేరి సరిగ్గా కూర్చోదు. ఇంజన్ వాల్వులు రుద్దే గ్రైండింగ్ పేస్ట్ ఆటో స్పేర్స్ షాపుల్లో దొరుకుతుంది. ఖాళీ పాట్‌లో, చల్లగా ఉన్నప్పుడు, ఆ పేస్ట్ రాసి రాడ్డును అటూ ఇటూ తిప్పి రుద్దితే చాలావరకు తగ్గుతుంది. తర్వాత పేస్ట్ మొత్తం కడిగి, పాట్ పూర్తిగా ఆరాకే వాడాలి. తడి ఉన్నచోట కరిగిన సీసం పడితే నీరు ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. అచ్చు, గరిటె, కొత్తగా వేసే సీసం ముక్క, అన్నీ పొడిగా ఉండాలి. మన వానాకాలపు తేమలో అచ్చును ముందు వేడి చేయకుండా మొదలుపెట్టొద్దు.

పాట్‌తోపాటు ఆయన “ఫ్రీ సీసం” అని కొంత ముడి సరుకు కూడా ఇచ్చాడు. అందులో టైర్ షాపుల్లో తీసిన వీల్ వెయిట్లు కలిసి ఉన్నాయి. వాటిలో కొన్ని సీసం కావు, జింకువి. మీద జెడ్ఎన్ అనే అక్షరాలు కనిపిస్తే పక్కన పడేయండి. జింకు 419 డిగ్రీలకు కరుగుతుంది, కాబట్టి వేడి 380 లోపల ఉంటే కరగకుండా పైన తేలుతుంది, తీసేయొచ్చు. 550 డిగ్రీల్లో ఉన్న పాట్‌లో అయితే నిశ్శబ్దంగా కలిసిపోతుంది. ఆ సీసం ముద్దగా మారి అచ్చు నింపదు, మొత్తం పారేయాల్సిందే. పాత బ్యాటరీ పలకలు ఇస్తానంటే అసలు తీసుకోవద్దు. వాటిలో యాసిడ్, ఆర్సెనిక్, యాంటిమొనీ ఉంటాయి, ఇంట్లో కరిగించే సరుకు కాదది.

వేడి మితిమీరితే సీసం పొగ కూడా పెరుగుతుంది. 500 దాటేకొద్దీ ఆ ప్రమాదం ఎక్కువ. మామూలు వేడిలో పొగకంటే తెట్టు, బూడిద, చేతులకంటిన దుమ్ము ఎక్కువ ప్రమాదం. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి పడిపోయినప్పుడు, ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని మనమంతా పేపర్లలో చదివాం. అసలు కారణం మీద తర్వాత వేర్వేరు అభిప్రాయాలు వచ్చాయి, దాన్ని దీనితో ముడిపెట్టడం లేదు. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదు అనే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. కాబట్టి వంటింట్లో వద్దు, మేడ మీద ఆరుబయట చేయండి, ఆ బట్టలు విడిగా ఉతకండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. వాళ్ళు అడిగింది బిల్లు, చెల్లింపు వివరాలు, చాట్ స్క్రీన్‌షాట్లు. బిల్లు లేకుండా కొన్నవాళ్ళు యూపీఐ రసీదైనా దాచుకోండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, సమస్య వచ్చిన రెండేళ్ళ లోపు వేయాలి. ఇదే ఆయన దగ్గర కొన్నవాళ్ళు ఉంటే మీరూ విడిగా ఫిర్యాదు చేయండి.

ఇప్పటికే ఇలాంటి పాట్ ఇంట్లో ఉంటే, ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారాక అడుగు మూత విప్పించండి. ఎలిమెంట్ మీద ఎన్ని వోల్టులని ఉందో చూడండి. మల్టీమీటర్‌ను బీప్ (కంటిన్యుటీ) మోడ్‌లో పెట్టి, ఒక ముల్లు ప్లగ్గు ఎర్త్ పిన్నుకి, ఇంకోటి పెయింటు లేని బాడీకి తాకిస్తే బీప్ రావాలి. రాకపోతే ఎంత మంచి బ్రాండైనా ఆ రోజు సీసం పోయడం ఆపేయండి. కొత్తగా కొనేవాళ్ళు డబ్బు పంపకముందే అడుగు విప్పిన ఫొటో అడగండి. “అది సీల్ వేసి ఉంటుంది అన్నా” అంటే ఇక అక్కడితో వదిలేయండి. ఈ పాట్లకు మామూలుగా అడుగున సీల్ ఉండదు, స్క్రూలే ఉంటాయి.