టోక్యో లైవ్‌హౌస్‌లు: తలుపు దగ్గర ఒక పేరు చెప్పాలి

టోక్యోలోని షిమొకితజవా పేటలో ఏ లైవ్‌హౌస్‌కి, అంటే బ్యాండ్లు వాయించే చిన్న హాలుకి, వెళ్లినా దృశ్యం దాదాపు ఒకటే. ఇరుకు మెట్లు దిగితే నేలమాళిగ, అక్కడ ఒక చిన్న బల్ల, బల్ల మీద డబ్బుల పెట్టె, పేర్ల జాబితా. డబ్బు తీసుకునే ముందు బల్ల దగ్గరున్న మనిషి ఒక మాట అడుగుతాడు: "ఈరోజు ఏ బ్యాండ్ కోసం వచ్చారు?" జపనీస్‌లో "ఒమెఅతె" అన్న మాట వినపడితే ప్రశ్న అదే. కొత్తవాళ్లు దీన్ని మర్యాద పలకరింపు అనుకుని "ఎవరైనా ఫర్వాలేదు" అంటారు. టోక్యో చిన్న బ్యాండ్ల విషయంలో బయటివాళ్లు చేసే పెద్ద తప్పు ఇదే.

ఎందుకంటే చాలా చోట్ల బ్యాండ్‌కి కోటా ఉంటుంది. దాన్ని "నొరుమా" అంటారు. టికెట్ 2,400 యెన్లు, కోటా 15 అనుకుందాం. తలుపు దగ్గర ఆ బ్యాండ్ పేరు చెప్పినవాళ్లు తొమ్మిది మందే అయితే మిగతా ఆరు టికెట్ల డబ్బు, అంటే 14,400 యెన్లు, వాయించినవాళ్లే కట్టాలి. కోటా దాటాక మాత్రం టికెట్ డబ్బులో సగమో, ఇంకొంచెమో వాళ్లకి తిరిగొస్తుంది. జాబితాలో ప్రతి పేరు పక్కనా గీతలు గీసేది ఈ లెక్క కోసమే. మీరు ఎవరి పేరూ చెప్పకపోతే మీ టికెట్ ఏ బ్యాండ్ లెక్కలోనూ పడదు. కోటా లేని చోట్లూ ఉన్నాయి గానీ బయటి నుంచి చూసి చెప్పలేం. అందుకని వెళ్లే ముందు ఆ రాత్రి ఆడే నాలుగైదు బ్యాండ్లవీ తలో పాట వినండి. ఒకటి ఎంచుకుని ఆ పేరు పలకడం నేర్చుకోండి. పలకడం రాకపోతే ఫోన్‌లో చూపించినా చాలు.

బ్యాండ్లను ముందుగా పట్టుకోవాలంటే స్ట్రీమింగ్ యాప్‌ల మీద ఆధారపడితే కుదరదు. యాభై మంది ముందు వాయించే బ్యాండ్లు చాలావాటికి అక్కడ ఒకటో రెండో పాటలుంటాయి, కొన్నింటికి అవీ ఉండవు. లైవ్‌హౌస్ సైట్‌లో నెలవారీ షెడ్యూల్ తెరిచి, తేదీ కింద ఉన్న పేర్లను జపనీస్ అక్షరాల్లోనే కాపీ చేసి యూట్యూబ్‌లోనూ ఎక్స్‌లోనూ వెతకాలి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఊహించి కొడితే దొరకదు. ఒకే పేరుని చైనా నుంచి వచ్చిన కంజి అక్షరాల్లో ఒకరు, ఉచ్చారణని బట్టి రాసే కతకానలో ఒకరు రాసుకుంటారు. పైగా "సముద్రం", "రాత్రి" లాంటి మామూలు మాటలనే పేర్లుగా పెట్టుకునేవాళ్లు ఎక్కువ. పేరు పక్కన లైవ్‌హౌస్ పేరు కూడా చేర్చి వెతికితే పని అవుతుంది. ఇంగ్లిష్‌లో కావాలంటే టోక్యో గిగ్ గైడ్ అనే సైట్ ఉంది.

షెడ్యూల్ చదవడానికి నాలుగు మాటలు తెలిస్తే చాలు. "వన్‌మ్యాన్" అంటే ఒంటరి గాయకుడు కాదు, ఆ రాత్రంతా ఒకే బ్యాండ్ అని. "టూమ్యాన్" అంటే రెండు బ్యాండ్లు. "రెకొహాత్సు" అంటే కొత్త సీడీ విడుదల సందర్భం. వీటన్నిటికన్నా విలువైనది "జిషు కికాకు", అంటే బ్యాండే స్వయంగా ఏర్పాటు చేసుకుని, తనకు నచ్చిన ఇతర బ్యాండ్లను పిలిచే రాత్రి. లైవ్‌హౌస్ బుకింగ్ సిబ్బంది ఖాళీ తేదీ నింపడానికి కూర్చిన రాత్రుల్లో హార్డ్‌కోర్ తర్వాత అకూస్టిక్ గిటార్ రావచ్చు. జిషు కికాకులో మాత్రం ఒక బ్యాండ్ నచ్చితే మిగతావీ నచ్చే అవకాశం ఎక్కువ. రెండు మూడు రాత్రులే చేతిలో ఉంటే వేరే ఆలోచన లేకుండా ఇలాంటివే ఎంచుకోండి.

టికెట్‌కి అన్నిటికన్నా సులువైన దారి "తొరియొకి". బ్యాండ్‌కి ఎక్స్‌లో సందేశం పంపితే మీ పేరు రాసి ఉంచుతారు, తలుపు దగ్గర ముందస్తు ధర కట్టి లోపలికి వెళ్లడమే. తేదీ, ఎంతమంది, పేరు రాస్తే చాలు. పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటిపేరుతో సహా పొడుగు పేరు రాయకండి, ఆ చీకట్లో జాబితాలో దాన్ని ఎవరూ వెతకలేరు. రెండు మూడు అక్షరాల పిలుపు పేరు కతకానలో రాయించి పంపండి. ఇలా రాసిపెట్టించుకున్న టికెట్ సహజంగానే ఆ బ్యాండ్ లెక్కలో పడుతుంది. రాయించుకుని రాకపోవడం మాత్రం పాపం, కుదరకపోతే ముందే చెప్పాలి. పెద్ద టికెట్ సైట్లు కొన్ని జపాన్ ఫోన్ నంబర్ అడుగుతాయి, కొన్నిచోట్ల విదేశీ కార్డు తీసుకోదు. వాటితో కుస్తీ పట్టే బదులు అప్పటికప్పుడు తలుపు దగ్గర కొంటే దాదాపు 500 యెన్లు ఎక్కువవుతుంది, అంతే.

టికెట్ కాక డ్రింక్ డబ్బు వేరే కట్టాలి. షెడ్యూల్‌లో ధర పక్కన "+1డి" అన్న గుర్తు దానికే. ఒకప్పుడు 500 యెన్లు, ఇప్పుడు ఎక్కువచోట్ల 600. మందు తాగనివాళ్లూ కట్టాల్సిందే, బదులుగా టీ, జ్యూస్ లేదా నీళ్ల సీసా తీసుకోవచ్చు. ఇది దోపిడీ అనుకునేవాళ్లకి అసలు సంగతి: ప్రదర్శనశాలగా లైసెన్స్ తెచ్చుకోవడానికి నిబంధనలు గట్టివి కాబట్టి చిన్న లైవ్‌హౌస్‌లు చాలావరకు భోజన పానీయాల వ్యాపారంగానే నమోదై ఉంటాయి. అందుకే ప్రతి మనిషికీ ఒక డ్రింక్ అమ్మడం. మొత్తమ్మీద ఒక రాత్రికి 3,000 నుంచి 4,000 యెన్లు, నగదుగా. 10,000 నోటు ఇచ్చి బల్ల దగ్గర వరుసను ఆపకుండా 1,000 నోట్లు దగ్గర పెట్టుకోండి.

షెడ్యూల్‌లో తలుపులు 18:00, మొదలు 18:30 అని ఉంటే 18:30కే మొదటి తీగ మోగుతుంది. మన హైదరాబాద్ లెక్కన "ఎనిమిదింటికి వెళ్దాంలే" అనుకుంటే సగం బ్యాండ్లు అయిపోతాయి. ఒక్కో బ్యాండ్‌కి 25 నుంచి 30 నిమిషాలు, మధ్యలో పది పదిహేను నిమిషాలు సామాన్లు మార్చడానికి. 22:00 లోపు అంతా ముగుస్తుంది. ఒకసారి బయటికి వెళ్తే మళ్లీ లోపలికి రానివ్వని చోట్లున్నాయి, రానిచ్చినా మళ్లీ డ్రింక్ డబ్బు అడిగే చోట్లూ ఉన్నాయి. ఏదైనా తినేసి వెళ్లడం మేలు. జనం ఎక్కువగా ఉండే షోలకి టికెట్ మీద వరుస నంబర్ ఉంటుంది. ఆ క్రమంలోనే పిలుస్తారు, పిలిచినప్పుడు లేకపోతే మీ నంబర్ పోయినట్టే. చెవుల్లో పెట్టుకునే ప్లగ్‌లు తప్పనిసరి. 250 మంది పట్టే గదిలో డ్రమ్స్ శబ్దం నేరుగా వచ్చి తగులుతుంది.

ఇక పేటల సంగతి. మొదటిసారి వెళ్లేవాళ్లకి షిమొకితజవానే సరైనది. 1991లో మొదలైన షెల్టర్, 1994 నాటి క్లబ్ క్యూ, ఒకే భవనంలో పక్కపక్కనే ఉండే బేస్‌మెంట్ బార్, త్రీ, అన్నీ నడక దూరంలోనే. షెల్టర్ దగ్గర మెట్ల ముందు ఫొటోలు తీసుకునే గుంపు కనిపిస్తే కంగారు పడకండి, 2022లో వచ్చిన ఒక యానిమేలోని లైవ్‌హౌస్‌కి ఇదే నమూనా. ఆ గుంపులో లోపలికి వెళ్లేవాళ్లు తక్కువే. షిబుయా నుంచి ఇనొకషిర లైన్ ఎక్స్‌ప్రెస్‌లో తర్వాతి స్టేషనే ఇది. షింజుకు నుంచైతే ఒదక్యూ లైన్‌లో పది నిమిషాల లోపు. ఒదక్యూలో రొమాన్స్‌కార్ అనే ప్రత్యేక ఎక్స్‌ప్రెస్ మాత్రం ఎక్కకండి, అది ఇక్కడ ఆగదు.

కొఎన్‌జి ముతకది, అందుకే కొందరికి ఎక్కువ నచ్చుతుంది. పంక్, నాయిజ్, సైకడెలిక్ అంటే చెవి కోసుకునేవాళ్లు ఇటే రావాలి. కొఎన్‌జిలో 20000వి అనే పాత చోటు 2009లో అగ్నిప్రమాదానికి గురయ్యాక, నిమన్ దెన్‌అత్సు పేరుతో హిగషి-కొఎన్‌జిలో మళ్లీ తెరుచుకుంది. గోడలన్నీ ఎరుపెక్కిన యూఎఫ్ఓ క్లబ్ కూడా హిగషి-కొఎన్‌జిలోనే. అంటే దిగాల్సింది జేఆర్ కొఎన్‌జి కాదు, మరునౌచి మెట్రోలో హిగషి-కొఎన్‌జి. ఒగికుబో వైపు వెళ్లే రైలే ఎక్కాలి, నకనొ-సకఉఎ దగ్గర పక్కకి తిరిగిపోయే హోనంచో రైలు కాదు. కొఎన్‌జికే వెళ్లేటప్పుడు ఇంకో చిక్కు: శని, ఆదివారాల్లోనూ సెలవు రోజుల్లోనూ నారింజ రంగు చూఓ ర్యాపిడ్ అక్కడ ఆగకుండా వెళ్లిపోతుంది. ఆ రోజుల్లో పసుపు చారల సోబు లోకల్ ఎక్కాలి. షో మొదలయ్యే వేళకి దాటిపోయిన స్టేషన్ నుంచి వెనక్కి రావడంలో మొదటి బ్యాండ్ పోతుంది.

షింజుకు లాఫ్ట్ 1976 నాటిది, 1999 నుంచి కబుకిచోలో ఉంది. చరిత్ర కోసం వెళ్లొచ్చు గానీ అది ఇప్పుడు పెద్ద బ్యాండ్ల చోటు. కబుకిచో వీధిలో చేయి పట్టి పిలిచే దళారుల వెంట ఏ కారణానా వెళ్లొద్దు. షిబుయాలో 1,300 మంది పట్టే ఓ-ఈస్ట్ లాంటివి ఉన్నాయి, టికెట్లూ ఖరీదే. కొత్తవాళ్లను కనుక్కోవడానికి అది చివరి మజిలీ.

బసకి మాత్రం షింజుకునే మెరుగు. ఒదక్యూ, చూఓ, మరునౌచి మూడూ అక్కడే కలుస్తాయి కాబట్టి రెండు పేటలకీ రైలు మారక్కర్లేదు. గదులు పన్నెండు పదమూడు చదరపు మీటర్లే, పెద్ద సూట్‌కేసు తెరిస్తే నడవడానికి చోటుండదు. శనివారం రాత్రి ధర బాగా పెరుగుతుంది, వారం మధ్యలో వెళ్తే గదీ చవక, షోలూ తక్కువేం కాదు. షిమొకితజవాలోనే ఉండాలంటే రైలు పట్టాలు 2013లో భూగర్భానికి వెళ్లాక ఖాళీ అయిన స్థలంలో కట్టిన మస్టర్డ్ హోటల్ ఉంది. డబ్బుకి వెనకాడనివాళ్లకి పక్క స్టేషన్ సెతగయ-దైతాలో హకొనె నుంచి వేడినీటి బుగ్గ నీళ్లు తెప్పించే యుఎన్ బెత్తెయ్ ఉంది. క్యాప్సూల్ హోటళ్లు చవకే గానీ వరుసగా రెండు రాత్రులున్నా మధ్యాహ్నం ఖాళీ చేయమనేవి ఉన్నాయి. షోలో కొన్న పోస్టర్లు, టీషర్టులు దాచుకోవడానికి లాకర్ సన్నగా ఉంటుంది. అర్ధరాత్రి దాటాక కొద్దిసేపటికే చివరి రైళ్లు వెళ్లిపోతాయి, మళ్లీ తెల్లవారుజామున అయిదు ప్రాంతంలోనే. తెల్లవార్లూ నడిచే షోలకి వెళ్తే పాస్‌పోర్టు చూపాలి.

శాకాహారులకి ఒక ముక్క: షిమొకితజవా కూరలకి పేరుపడ్డ పేట, కానీ అక్కడి సూప్ కర్రీ రసం చాలాచోట్ల మాంసపు ఎముకలతో కాచుతారు. కన్వీనియెన్స్ స్టోర్‌లో ఉమె, అంటే ఉప్పులో ఊరబెట్టిన పుల్లటి కాయ, పెట్టిన అన్నపు ముద్ద మన ఊరగాయ అన్నానికి దూరపు చుట్టం, అందులో ఏం కలిపారో చూసుకుని కొంటే షోకి ముందు అది చాలు.

షో అయ్యాక గది వెనక బల్ల దగ్గర బ్యాండ్ వాళ్లే నిలబడి సీడీలు అమ్ముతారు. డెమో సీడీ 500 నుంచి 1,000 యెన్లు. ఇక్కడ కొన్నదే వాళ్ల చేతికి నేరుగా వెళ్లే డబ్బు. వీడియో తీయాలంటే ముందు అడగండి, ఫొటోలకి ఒప్పుకుని వీడియోకి వద్దనేవాళ్లు ఎక్కువ. ఇంటికొచ్చాక నలుగురికీ చెప్పేటప్పుడు బ్యాండ్ పేరు జపనీస్ అక్షరాల్లో ఉన్నదున్నట్టు పెట్టి, పక్కన తెలుగులో ఉచ్చారణ రాయండి. వేరెవరో ఎక్కించిన వీడియో కాకుండా బ్యాండ్ సొంత పేజీ లింకే ఇవ్వండి. తలుపు దగ్గర చేతికిచ్చే కరపత్రాల కట్ట పారేయకండి. వచ్చే రెండు నెలల షోలన్నీ అందులోనే ఉంటాయి, ఆ వేళకి టోక్యో వెళ్లే మిత్రులెవరైనా ఉంటే అదే వాళ్లకి పనికొస్తుంది.